వాగు ఒడ్డున అత్త సైకిల్

ముందుగా దేవునికి స్తోత్రం. ఎండకూ వానకూ ఆయనే యజమాని. మా కడప జిల్లాకు ఎండను ధారాళంగా ఇచ్చి, వానను మాత్రం అందీ అందకుండా పైనే ఉంచినా, ఆయన చేసేదంతా మేలుకే. ఆ మాట చెప్పుకున్నాకే ఏ సంగతైనా ఎత్తుకోవడం మా ఇంటి అలవాటు.

మొన్న ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు పోతూ ఉంటే, తొండూరు దాటాక బస్సు ఒక కొత్త వంతెన ఎక్కి దిగింది. కింద వాగు ఇసుకతో పొడిగా పడి ఉంది. పక్కసీటులో నిద్రపోతున్నామె కదలనైనా లేదు. నేను మాత్రం ముందుసీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాను. కొన్నేళ్ల కిందట అక్కడ వంతెన లేదు. వానొస్తే నీళ్లు రోడ్డు మీదుగానే పారిపోయే చప్టా ఉండేది.

మా తాత సైకిల్ మీద ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఆయన మొదలుపెట్టిన చిన్న సంఘం పులివెందుల పక్కన ఒక పల్లెలో ఉంది. ఆయన ప్రభువు దగ్గరికి పోయిన రోజున ఏటా అక్కడ కృతజ్ఞత కూడిక జరుగుతుంది. దానికి మేం సైకిళ్ల మీదే పోవాలన్నది మా నాన్న పెట్టిన నియమం. అదీ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు చుట్టు తిరిగి. ఎర్రగుంట్ల మీదుగా దగ్గర దారి ఉందని అందరికీ తెలుసు, కానీ తాత అటు పోలేదు కాబట్టి మేమూ పోకూడదు. ఆ ఏడు మేం నలుగురం: డెబ్బైకి దగ్గరపడ్డ నాన్న, నర్సుగా పనిచేసి రిటైరైన ఆయన చెల్లెలు, అంటే మా అత్త, నా తమ్ముడు, నేను. తుపాను వస్తోందని టీవీ రెండు రోజులుగా మొత్తుకుంటోంది. "బస్సులో పోదాంలే న్నా" అంది అత్త. "నాయన సైకిల్ తొక్కిన దావలో మనకు బస్సేంది? వానేమన్నా కరుస్తాదా?" అన్నాడు నాన్న.

జమ్మలమడుగులో ఉగ్గాని, బజ్జీలు తినేటప్పుడు తుంపర. పెన్నా వంతెన మీద గాలి సైకిళ్లను పక్కకు నెట్టింది. ముద్దనూరు దాటేసరికి జడివాన. రేగడి మట్టి మడ్‌గార్డుల్లో ఇరుక్కుని చక్రాలు తిరగనన్నాయి. తొండూరు దగ్గర రేకుల షెల్టరు కింద ఆగాం. ఆగిన ప్రతిచోటా మళ్లీ బయలుదేరే ముందు హ్యాండిల్ పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేయాలి. చిన్నప్పుడు మధ్యలో కళ్లు తెరిస్తే మొట్టికాయ పడేది. నలభై దాటినా నాకు ఆ భయం పోలేదు. నాన్న ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఆ రోజు తాతతో మొదలుపెట్టి, సంఘపెద్దలను, ఆస్పత్రిలో ఉన్నవాళ్లను, కువైట్‌కు పోయిన పక్కింటి సాయిబు కొడుకును కూడా పేరుపేరునా దేవుడికి అప్పగించాడు. రేకుల మీద వాన హోరు. ఆమెన్ అని కళ్లు తెరిస్తే అత్త లేదు. ఆమె సైకిలూ లేదు.

"ముందర పోయింటాదిలే" అన్నాడు తమ్ముడు. నాన్నకు ఒళ్లు మండింది. "ప్రార్థన నడాన లేచి పోతాదా ఎవురన్నా? దొరకనీ, దాని పని చెప్తా." కాసేపటికే తమ్ముడి సైకిల్ పంచరై, ముగ్గురం నడక మొదలుపెట్టాం. ఎదురుగా వచ్చిన మోటార్ సైకిలాయన ఆగకుండానే కేకేశాడు. "వాగొచ్చింది! అటు పోవాకండి!" నాన్న కోపం అక్కడితో ఆరిపోయింది. ఆయన అంత వేగంగా నడవగలడని నాకు అంతవరకు తెలియదు.

వాగు ఒడ్డున రెండు లారీలు, నలుగురైదుగురు మనుషులు. చప్టా మొదట్లోని రాయికి ఆనించి అత్త నీలం సైకిల్. అత్త మాత్రం లేదు. "మేమొచ్చేసరికే ఆ సైకిల్ ఈడుంది పెద్దాయనా. మనిషిని మేం సూడలే" అన్నాడు లారీ డ్రైవరు. నాన్న చెప్పులతోనే ఆ ఎర్రనీళ్లలోకి దిగాడు. మోకాళ్లు మునిగేసరికి తమ్ముడు వెళ్లి నడుము పట్టుకున్నాడు. "ఇడ్సురా! నా చెల్లెలురా అది!" ఆదివారం బడిలో పిల్లలకు ప్రార్థన నేర్పే నాకు, ఒక్క మాటన్నా నోట్లోంచి రాలేదు.

"న్నా! యాడికి దిగతాండావు? ఈతొచ్చా నీకి?"

వెనక చీనీ, అంటే బత్తాయి తోట షెడ్డులోంచి, నెత్తిన గోనెపట్ట కప్పుకుని అత్త వస్తోంది. కత్తెర జారి కాలు తెగిన కూలీ సాయిబు ఒకాయన రోడ్డు మీద కుంటుతూ కనిపించాడట. సైకిల్ అక్కడే ఆనించి, మందుల సంచి తీసుకుని, కట్టు కట్టడానికి అతని వెంట పోయిందట. నాన్న ఒడ్డుకొచ్చి బురదలోనే కూలబడ్డాడు. "చెప్పి పోకూడదా అమ్మా?" అన్నాడు చివరికి.

"ఎట్ల చెప్పేది? నువ్వింకా ఆస్పత్రి వార్డే దాటలేదు. నేను మెల్లగా తొక్కేదాన్ని. మీరు ఆమెన్ అనేలోపల ఒక మైలన్నా పోదామనుకుంటి."

కట్టు కట్టించుకున్న సాయిబు కుంటుతూ వచ్చి చీనీకాయ ఒలిచి నాన్న చేతిలో పెట్టాడు. "ఆయమ్మను తిట్టాకప్పా. శానా మంచి చెయ్యి." "తిట్టేదేముందిలే. ఇంగ అది ఎట్ల చెప్తే అట్లే" అన్నాడు నాన్న. "అట్లయితే లారీ ఎక్కు" అంది అత్త. సాయంత్రం నీళ్లు తగ్గాక, నాన్న నియమాన్ని మొదటిసారి పక్కనబెట్టి, నాలుగు సైకిళ్లతో ఖాళీ అరటికాయల లారీలో కూర్చుని పులివెందుల చేరాం. కూడిక అయిపోయింది. మాకోసం అన్నం దాచిపెట్టారు. తింటున్నంతసేపూ నాన్న అత్త కొంగు చివర పట్టుకునే ఉన్నాడు. ఆమె విదిలించుకోలేదు.

సైకిల్ కనిపించినప్పటి నుంచి అత్త గొంతు వినిపించేదాకా గట్టిగా ఐదు నిమిషాలు కూడా కాలేదంటాడు తమ్ముడు. కావచ్చు. నా బతుకులో ఏళ్లకేళ్లు గుర్తులేకుండా పోయాయి కానీ ఆ ఐదు నిమిషాలు ఇంకా పూర్తిగా గడవలేదు. ఈ వేళ కూడా ఏదో వాగు ఒడ్డున ఎవరో ఒకరు అట్లాంటి నిమిషాలు గడుపుతూ ఉంటారు. వాళ్లకు ఆ కాలాన్ని కురచ చేయమని, ఇది చదివిన మీరూ నాతో కలిసి ప్రభువును అడగండి.