నాంచారమ్మ ఒప్పుకోలు

చల్లపల్లిలో మా వీధికి పాలు పోసే నాంచారమ్మ, నీళ్లు కలుపుతానని ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఒప్పుకోలేదు.

2004లో శోభనాద్రి మాస్టారికి మెడ మీద గడ్డ లేచింది. ఆస్పత్రికి వెళ్లకుండా ఆయన పూటకో లీటరు గేదెపాలు తాగసాగారు.

“పాల ప్రొటీనూ, ఒక కొవ్వు ఆమ్లమూ కలిస్తే కేన్సరు కణం పైపొరకు చిల్లులు పడతాయట. పేపర్లో వేశారు!” అనేవారు. అది తల్లిపాలతో ప్రయోగశాలలో చేసిన పరిశోధన అని ఎంత చెప్పినా వినలేదు.

చివరికి నాంచారమ్మే వీధంతా వినేలా అంది: “నా పాలు నమ్ముకోకండి మాస్టారూ! సగం కాలవనీళ్లేనండీ. ముందు డాక్టరు దగ్గరికెళ్లండి.”

బెజవాడ డాక్టరు ఉత్త కొవ్వుగడ్డేనన్నాడు. ఇక తన పాలెవరూ పోయించుకోరని మర్నాడు నాంచారమ్మ వీధి మొదట్లోనే ఆగిపోయింది. గిన్నెలు పట్టుకుని మేమే ఎదురెళ్లాం.

“సగమేనా నాంచారమ్మా! మేం ముప్పాతిక అనుకున్నాం.”