సరౌండింగ్సూ, ఎన్విరాన్మెంటూ, మా మిరపకాయలూ

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో మల్లెపూల వాసన పేరుతో ఏదో కొడుతున్నారు. మూడంతస్తులు ఎక్కేలోగా మల్లెపూల మీద గౌరవం కాస్తా పోతోంది. పక్కనే బోర్డు: సరౌండింగ్స్ శుభ్రంగా ఉంచండి. ఉంచాం. ఊపిరే ఆడటం లేదు.

ఆ మాట చూసినప్పుడల్లా మా ఊరి బడి గుర్తొస్తుంది. నల్లరేగడి ఊళ్ళో గట్టినేల అంటూ ఉన్నది బడి ఆవరణే గనక, మాఘమాసం వచ్చిందంటే మిరపకాయలన్నీ అక్కడే ఎండేవి. ఆ ఎర్రటి పరుపుల మధ్య మిగిలిన సందుల్లో తొక్కుడుబిళ్ళ ఆడుతూ, తుమ్ముతూ, కారపు చేతులతో కళ్ళు నులుముకుని ఏడుస్తూ, ఆ చేతులతోనే రేగిపళ్ళు ఉప్పులో అద్దుకు తింటూ, లోకంలో బళ్ళన్నీ ఇంతే కాబోలనుకుంటూ పెరిగాం.

పొన్నూరు వరిచేల మధ్య నుంచి వచ్చిన సుశీల టీచరుగారికి మాత్రం ఆ ఘాటు పడలేదు. పాఠం మధ్యలో ఆయాసం వచ్చి గోడ పట్టుకుని నిలబడేవారు. ఆ ఊపిరితోనే ఓరోజు రెండు ఇంగ్లీషు మాటలకు తేడా చెప్పారు.

"కిటికీలోంచి కనపడేది సరౌండింగ్స్. కిటికీ మూసినా నా గుండెల్లోకి వచ్చేది ఎన్విరాన్మెంట్. మీ నాన్నలకి చెప్పండర్రా. ఇలాగే ఉంటే నేను ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాల్సిందే."

ఆవిడ వెళితే మాకు ఇంగ్లీషు చెప్పే దిక్కు లేదు. పరుగున వెళ్ళి నాన్నకి చెప్పాను. నాన్న మిరప రైతు, పైగా మర్యాదస్తుడు. మర్నాడే మిగతా రైతుల్ని పోగేసి, కిటికీ ఎదురుగా ఉన్న కాయలన్నీ ఎత్తించి బడి వెనక పోయించాడు. గాలి వీచేది అటునుంచే. బడి కప్పు పెంకుల సందులు ఆ ఘాటు లోపలికి రావడానికి చాలు.

"ఇప్పుడు హాయిగా ఉందాండీ టీచరుగారూ?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు.

మాట్లాడటానికి ఊపిరందక ఆవిడ చేతులెత్తి దణ్ణం పెట్టారు. నాన్న దాన్ని కృతజ్ఞత అనుకున్నాడు.

ఉగాదిలోగా ఆవిడ సింగరాయకొండ వెళ్ళిపోయారు. తర్వాత లెక్కల మాస్టారే ఇంగ్లీషూ చెప్పారు. ఫలితం గురించి ఎక్కువ చెప్పను.

ఇప్పుడు ఆ ఆవరణంతా సిమెంటు, చుట్టూ ప్రహరీ. కాయలు లేవు, తుమ్ములు లేవు, తొక్కుడుబిళ్ళ గీతలు గీసేందుకు మట్టీ లేదు. మొన్న నాన్నతో అటు వెళ్ళినప్పుడు, ఆ కాయలు ఊరి అవతల పోయించి ఉంటే టీచరుగారు ఉండిపోయేవారని, ఆ రెండు మాటలకూ తేడా ఏమిటో మొదట్నుంచీ, ఓపిక ఉన్నంతవరకూ, అది అయిపోయాక కూడా వివరించాను.

నాన్న అంతా విని విసుక్కున్నాడు.

"ఆవిడ కంటికి కనపడకుండా తీశాం గదే! ఇంకేం చెయ్యమంటావ్?"