మంద లేని తిమ్మప్ప

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే అమ్మాయిలుండే హాస్టల్‌కు తిమ్మప్ప వాచ్‌మన్. మెట్ల కింది గదిలో ఉంటాడు. అమ్మాయిలు పుస్తకాల సంచులతో చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లిపోయాక, సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడే మనిషి ఉండడు. భార్య కురుమమ్మ పోయి చాలా కాలమైంది. కూతురిది రాయచూరులో కాపురం. ఒంటరితనం ఆయనకు కొత్త కాదు, గొర్రెల వెంట నెలల తరబడి తిరిగినవాడే. కానీ అప్పుడు చుట్టూ మంద ఉండేది. కళ్లు మూసుకున్నా వాటి ఊపిరి వినిపించేది.

మక్తల్ దగ్గరి పల్లె ఆయనది. ఏటా ఎండలు ముదిరే రోజుల్లో తమ్ముడు బీరయ్యతో కలిసి మందను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయి, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. తాతల నాటి నుంచి ఒకటే బాట. తర్వాత వానలు తప్పడం మొదలైంది. చెరువులు తొందరగా ఎండిపోయేవి. మంద ముందే కదలాల్సి వచ్చేది. అప్పటికి దారిలో పత్తి ఇంకా చేలల్లోనే ఉండేది. బోర్లు అడుగంటుతుంటే రైతులకూ భయమే. ఉన్న పంటనైనా కాపాడుకుందామని బాటకు అడ్డంగా కంచెలు వేసుకున్నారు.

ఒక ఏడు కాలం కాని కాలంలో వడగళ్ల వాన కొట్టింది. గొర్రెపిల్లలు చలికి కొయ్యబారిపోతుంటే చూడలేక, తిమ్మప్ప జైపాల్ అనే రైతు కంచె తెంపి మందను అతని కొట్టం వైపు తోలాడు. పత్తి మొత్తం తొక్కుడుపడింది. జైపాల్ కర్రతో వచ్చాడు. తిమ్మప్పా కర్ర ఎత్తాడు. జైపాల్ తల పగిలింది, తిమ్మప్ప భుజం విరిగింది. సగం మంద ఆ వానకే పోయింది. మిగిలిన సగం ఆసుపత్రికీ కోర్టుకీ తిరగడంలో అమ్ముడుపోయింది. ఆ భుజంతో గొర్రెలు కాయలేక తిమ్మప్ప పట్నం చేరాడు.

ఈ మాఘంలో ఒక మధ్యాహ్నం ఆ జైపాలే వచ్చి గేటు ముందు నిలబడ్డాడు.

“బీరయ్య అడ్రసిచ్చిండు. జర మాట్లాడాలె,” అన్నాడు.

ఇద్దరూ నారాయణగూడ దాకా నడిచి చాయ్ హోటల్లో కూర్చున్నారు.

“మల్ల గదే లొల్లి,” అన్నాడు జైపాల్. “మందను రానియ్యం అని మా పోరగాళ్లు రాళ్లు పట్టుకొని కూసున్నరు. మీ తమ్మునోళ్లు గూడ తగ్గుతలేరు.”

“నా మాట ఎవలింటరు? నాకు మందే లేకపాయె.”

“నీదొక్కనిది ఇనరు, నాదొక్కనిది ఇనరు. కొట్టుకున్నోళ్లం ఇద్దరం ఒక్కకాడ కూసుంటే జర ఆలోచన జేస్తరు.”

తిమ్మప్ప చాయ్ గ్లాసు కింద పెట్టాడు. “తల ఇంక నొస్తదా?” అని అడిగాడు.

“చలికాలం నొస్తది. నీకు?”

“నాకు ముసురు వడితె.”

మర్నాడు ఇద్దరూ ఒకే బస్సులో జైపాల్ ఊరికి వెళ్లారు. బడి వరండాలో రెండు ఊళ్ల వాళ్ల మధ్య పక్కపక్కనే కూర్చున్నారు. కేకలు, తిట్లు అయ్యాయి. పొద్దు వాలేసరికి ఒక మాటకొచ్చారు. పత్తి ఏరేదాకా మందలు ఎండిన చెరువులో మేయాలి. ఏరాక రైతులు కంచె తీసి బాట ఇవ్వాలి, బోరు నీళ్లు తొట్టిలో పోయాలి. అందుకు బదులుగా కాపరులు రాత్రిళ్లు మందను రైతుల చేలల్లో పడుకోబెట్టాలి, ఎరువు భూమికి దక్కుతుంది.

“మొదలు నా చేన్ల వెట్టుండ్రి,” అన్నాడు జైపాల్. ఇక ఎవరూ కాదనడానికి లేవలేదు.

“అన్నా, ఉండరాదు? నావాట్ల కొన్ని నీకిస్త,” అన్నాడు బీరయ్య, మంద దగ్గరికి తీసుకెళ్లి.

తిమ్మప్ప ఒక గొర్రెపిల్లను ఎత్తుకోబోయాడు. చేయి రొమ్ము దాటి లేవలేదు. దాని వీపు నిమిరి వదిలేశాడు.

తిరిగొచ్చాక హాస్టల్లో ఆయన ఎక్కడికి పోయాడని ఎవరూ అడగలేదు. “అంకుల్, పై అంతస్తుకి నీళ్లు రావట్లే,” అంది శ్రీదివ్య అనే అమ్మాయి.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం బీరయ్య ఫోన్ చేశాడు. “జైపాల్ చేన్ల దిగినం అన్నా. నీళ్లు తాగుతున్నయ్, ఇను,” అని ఫోన్ మంద వైపు పెట్టాడు.

అరుపులు, గంటలు, తొట్టి దగ్గర తోపులాట. తిమ్మప్ప గేటు దగ్గరే నిలబడి, నాలుకతో చప్పుడు చేసి మందను పిలిచాడు. దారిన పోయేవాళ్లు ఇద్దరు తిరిగి చూశారు. అవతల ఒక గొర్రె అరిచింది. అది తన పిలుపుకేనో కాదో తెలియదు. ఇంతలో లైన్ కట్టయింది. కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, తర్వాత నీళ్ల మోటారు వేయడానికి లోపలికి వెళ్లాడు.