సిద్దిపేట పెద్ద బడిలో నోరు పెగలక

మా చిన్నప్పుడు... మా ఊరి బడిలో హాజరు పిలిచేవారు కాదు. సారు గడప దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ముఖాలు చూసి రాసుకునేవారు. అంతే.

ఒక్క ముఖం తక్కువైతే నలుగురు పిల్లలను పంపేవారు. వాళ్లు పోయి, రానివాణ్ని కాళ్లూ చేతులూ పట్టి మోసుకొచ్చేవారు... వాడు దారంతా ఏడుస్తూ, వీళ్లు నవ్వుతూ. ఒకటే గది, ఒక అరుగు. అన్ని తరగతులూ అక్కడే. పెద్దగా నోరు తెరవకుండానే నేను ఏడో తరగతి దాటాను.

అప్పుడు బాపు నన్ను సిద్దిపేటలో పెద్ద బడిలో వేశాడు. చంద్లాపూర్ అవతల మాది చిన్న పల్లె. రోజూ వచ్చిపోవడం కుదరదని చిన్నమ్మ ఇంట్లో ఉంచాడు.

"మన ఇంట్ల పెద్ద బడి మొఖం సూసినోడు లేడు బిడ్డా... నువ్వన్న సదువాలె" అని చెప్పి పోయాడు.

పెద్ద బడి... ఒక్క ఎనిమిదో తరగతికే ఐదు గదులు. బెంచీకి ఆరుగురం. నాది గోడ పక్క. బయటికి రావాలంటే మిగతా ఐదుగురూ లేవాలి. వాళ్లను లెమ్మని అడగలేక, పొద్దున మంచినీళ్లు తాగడమే మానేశాను.

అక్కడ పేర్లు లేవు... నంబర్లే. సారు తల ఎత్తకుండా గబగబా చదువుతుంటే, "హాజర్ సార్" అని అరవాలి. నా నంబరు వచ్చినప్పుడు నేను అరవకుండా లేచి నిలబడేవాణ్ని. ఎదురుగానే ఉన్నాను కదా, సారు చూస్తారు కదా అనుకున్నాను. మా ఊళ్లో చూస్తే చాలు మరి...

కొన్నాళ్లకు సారు ఇంకో కాగితం చదివారు. వరసగా బడికి రానివాళ్ల పేర్లు కొట్టేశారట. తండ్రిని తీసుకొస్తేనే మళ్లీ రాసుకుంటారట. అందులో నా నంబరుంది. నేను గోడకు ఆనుకుని అక్కడే ఉన్నాను.

పక్కన కూర్చునే ఖాజా నా వైపు తిరిగాడు. వాళ్ల నాయిన దర్జీ.

"అరే, గది నీ నంబరే గదరా! రోజు నా పక్కపొంటే గూసుంటివి... రానోనివి ఎప్పుడైనవ్?"

నేను నేల చూశాను.

"నోట్ల బెల్లంగడ్డ వెట్టుకున్నవా? పేరేంది నీది?"

"నర్సయ్య" అన్నాను. ఆ బడిలో నా పేరు అడిగినవాడు వాడొక్కడే.

సాయంత్రం మా చిన్నమ్మకు చెప్పింది కూడా వాడే. "చిన్నమ్మా, మీ పోరడు బళ్లె ఉండి గూడ లేడు. కాకను రమ్మనున్రి." చిన్నమ్మ ఊళ్లో బాపుకు కబురు పంపింది.

బాపు వచ్చిన రోజే గొడవ. అరవై తొమ్మిది ఉద్యమం అది... కాలేజీ పిల్లలు జై తెలంగాణ అంటూ మా బడి ముందుకు వచ్చారు. లోపలి పిల్లలంతా వాళ్లలో కలవడానికి ఉరికారు. పోలీసులు వస్తున్నారని భయపడి చప్రాసీ గేటుకు తాళం వేశాడు.

బడి మొత్తం గేటు మీద పడింది. నేను మధ్యలో ఇరుక్కుపోయాను. ముందు వీపులు, వెనక మోకాళ్లు... పాదాలు నేలకు ఆనడం లేదు.

గేటు ఊచల సందులోంచి, తలకు చుట్టిన ఎర్ర రుమాలు కనిపించింది. బాపు!

తర్వాత బాపు చెబితే తెలిసింది... "మా నర్సిగాడు యాడుంటడయ్యా" అని చప్రాసీని అడిగాడట. "గీడ నర్సిగాండ్లు పుట్టెడు మంది ఉన్నరు. నంబరు చెప్పు" అన్నాడట వాడు. బాపుకు నంబరు ఏం తెలుసు...

అందరివీ తెల్ల అంగీలు, ఖాకీ లాగులు. బాపు చూపు నా మీదుగా పోయింది... ఆగలేదు. మళ్లీ వచ్చింది... మళ్లీ ఆగలేదు. పిలవాలి. బాపూ అంటే చాలు. ఆ రెండక్షరాలు గొంతు దాటలేదు. బాపు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. వెనక్కి తిరిగాడు.

పక్కనే నలుగుతున్న ఖాజా నా కళ్లు చూశాడు. "గాయననా మీ బాపు?" తల ఊపాను. వాడు ఎవరి భుజాలో తొక్కుతూ గేటెక్కాడు.

"ఓ ఎర్రరుమాలు కాకా! నర్సయ్య బాపూ! యాడికి వోతున్నవ్? నీ కొడుకు గీడ పచ్చడైతుండు, సూడు!"

అంత హోరులోనూ ఆ కేక బాపుకు అందింది.

గేటు తెరిచాక బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. బందు... బస్సుల్లేవు. ఊరిదాకా నడిచాం. చెయ్యి మాత్రం వదల్లేదు. "పోలీసోళ్లు పట్కవోయిన్రనుకున్న బిడ్డా... పానం నిలువలే" అన్నాడు ఒక్కసారి.

తర్వాత చాలా రోజులు బడులు మూతపడే ఉన్నాయి. తెరిచారని కబురు వచ్చినప్పుడు, అన్నం తింటూ బాపు అడిగాడు.

"మల్ల పోతవా బిడ్డా?"

పోవాలనే ఉంది. ఖాజా పక్కన కూర్చోవాలనే ఉంది. ఆ గోడా, ఆ గేటూ కూడా కళ్ల ముందే ఉన్నాయి. పోతానని అనలేదు... పోనని కూడా అనలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

బాపు నా ముఖం చూశాడు. "తియ్... నీకు మనసొప్పుత లేదు. నాకెర్కనే" అన్నాడు.

నా చదువు అంతటితో అయిపోయింది. బాపును ఏమీ అనను. నా ముఖం చూసి ఆకలి కనిపెట్టేవాడు, జ్వరం కనిపెట్టేవాడు... ఆ ఒక్కటే కనిపెట్టలేకపోయాడు.

ఇప్పుడు నా మనవడి మెడలో పేరు, ఫొటో, వాళ్ల నాయిన ఫోను నంబరు అన్నీ ఉన్న కార్డు వేలాడుతుంది. ఒక్క పూట పోకపోతే ఇంట్లో ఫోను మోగుతుంది. ఎంత పెద్ద బడైనా పిల్లవాడు తప్పిపోడు. మంచిదే...

ఖాజా ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. మీరు పెద్ద బడిలో చేరిన కొత్తలో, అంత మందిలో మీ పేరు అడిగి తెలుసుకున్నవాళ్లు ఎవరు?... రాయండి. నేను మెల్లగా అన్నీ చదువుకుంటాను.