యజమానిని మార్చమన్నారు

నీకు అనుమతి లేదని ఆ పెట్టె నాతో చెప్పింది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి తెర మీద పడిన ఆ రెండు మాటలూ మా మరిది చదివి అర్థం చెప్పాడు.

"పర్మిషన్ డినైడ్ అంట వదినా. నీకు అనుమతి లేదంటాండాది."

ఎవరి అనుమతి కావాలని అడిగాను. అన్నదేనేమో అన్నాడు. ఆ అన్న పోయి అప్పటికి నాలుగు నెలలు.

లోపల ఉన్నవి నా పాటలు. రాగులు విసురుతూ, చెనక్కాయలు ఒలుస్తూ, పట్టుపురుగులకు ఆకు వేస్తూ చాకవేలులో మా అమ్మ పాడినవి, ఆమె పక్కన కూర్చుని నేను పట్టుకున్నవి. నా చదువు రెండో తరగతితో సరి. సంతకం పెడతాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. మా యజమాని బాగేపల్లిలో స్కూలు మేష్టరు. మా వైపు భర్తను యజమాని అనే అంటాం. ఆయన రిటైరయ్యాక కంప్యూటరు కొన్నారు. అందులో అందరూ వాడేది కాకుండా లినక్సు అనేదాన్ని వేసుకున్నారు, ఊరికే ఇస్తారని, దొంగ సరుకు కాదని గొప్పగా చెప్పుకునేవారు.

రెండేళ్ళు నేను పాడుతుంటే ఆయన అందులో టైపు కొట్టుకుంటూ వచ్చారు. పాట తెలుగు, అక్షరాలు కన్నడం. మేం మాట్లాడేది తెలుగు, ఊరు కర్ణాటకలో ఉంది కాబట్టి బడి కన్నడం, మా తాలూకాలో చదువుకున్నవాళ్ళంతా అట్లాగే రాస్తారు. ఊరికే కూర్చుని చెప్పమంటే నాకు పాట వచ్చేది కాదు. చేతికి పని ఉంటేనే వచ్చేది. అందుకని రాగులు లేకుండా ఉత్త తిరగలి తిప్పించారు నాతో, గదంతా రాయి గరగర. ఇప్పుడు నా కుడి భుజం పైకి లేవదు. తిరగలి మూలకు చేరింది, దాంతోపాటు సగం పాటలు పోయాయి. మొదటి చరణం వస్తుంది, రెండోది రాదు. మా అమ్మ లేదు, అక్కా లేదు. ఆ పెట్టెలో తప్ప అవి ఇంకెక్కడా లేవు.

ఆయన ఆ పెట్టెలో రెండు వాకిళ్ళు పెట్టారు. తన పేరుతో ఒకటి, నా పేరుతో ఒకటి. నా వాకిట్లోకి వెళితే ఒక పేకాట తప్ప ఏమీ లేదు. పాటలన్నీ ఆయన వాకిలి లోపల, దాని తాళం మాట, అదే పాస్‌వర్డు, ఎవరికీ చెప్పకుండానే పోయారు. నేను నా వాకిలి నుంచి వెళ్ళి తట్టినప్పుడల్లా అనుమతి లేదనే జవాబు.

మరిది ఆ పెట్టెను చిక్కబళ్ళాపురంలో ఒక రిపేరీ అంగడికి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. అంగడివాడు నా మొహం చూడలేదు, మాట్లాడినంతసేపూ మరిదితోనే. ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదైపోతుందన్నాడు. లోపలున్నవి ఏమవుతాయని నేను అడిగాను. పోతాయన్నాడు, పిండి జల్లించి తవుడు పారేస్తామన్నంత తేలికగా. అంత ముఖ్యమైంది ఏముందని మళ్ళీ మరిదినే అడిగాడు.

"ఏమీ లేదప్పా," అన్నాడు మరిది. "ఆడోళ్ళ పాటలు."

నేను లేచి బల్ల మీది పెట్టెను ఎత్తుకున్నాను. తీగలు వేలాడుతున్నాయి. అంగడివాడు పట్టుకోబోతే చేయి తియ్యమన్నాను. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, పేరేసంద్ర దాటేసరికి తొడలు మొద్దుబారాయి. మరిది రెండు సీట్లు వెనక కూర్చున్నాడు. ఆ దినం అతనితో మాట్లాడి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

మా యజమాని దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి చింతామణిలో కంప్యూటరు పాఠాలు చెబుతోంది. పెళ్ళయి పిల్లలున్న మనిషే, నాకు అమ్మాయి. కర్మాంతరం రోజు వచ్చి, ఏమైనా అవసరమైతే ఫోన్ చేయమని నంబరు రాసిచ్చి వెళ్ళింది. ఆమెకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"ఏమీ బయపడొద్దండమ్మా. ఫైళ్ళు యాడికీ పోలేదు. యజమానిని మార్చల్ల, అంతే."

ఏం మార్చాలి అన్నాను.

"యజమానినమ్మా. పాత యజమాని పేరు తీసేసి కొత్త యజమానిని పెట్టల్ల. ఒక్క నిమిషం పని."

ముండమోసి నాలుగు నెలలైన మనిషితో అనే మాటా అది?

"ముందు నీ ఇంట్లో మార్చుకో తల్లీ," అన్నాను. "ఎట్లుండాడో చూసి ఆమీట నేనూ మార్చుకుంటా."

ఇంకా చాలా అన్నాను, అవి రాయించను. ఫోన్ పెట్టేశాను. ఆమె మళ్ళీ చేసింది, నేను ఎత్తలేదు. మూడోసారి ఎత్తాను. ఆ పెట్టెలో ప్రతి ఫైలుకూ ఒక ఓనరు ఉంటాడట, కన్నడంలో పాఠం చెప్పేటప్పుడు దాన్ని యజమాని అనే అంటారట, అలవాటులో వచ్చేసింది, తప్పైందమ్మా అంది. తప్పు ఆమెది కాదని తెలిసినా కోపం దిగలేదు.

ఆదివారం పొద్దున చింతామణి నుంచి బస్సెక్కి తనే వచ్చింది. పెట్టె ఆపి మళ్ళీ వేసింది. లేస్తూ ఉండగానే ఒక మీట నొక్కి, తెర మీది వరుస చివర ఒక చిన్న మాట చేర్చింది. బొమ్మలు లేవు, రంగులు లేవు, తెరంతా నలుపు, మీద తెల్ల అక్షరాలు. తాళం మాట అడగనే లేదు. ఇంటికి తాళం వేసున్నా పెంకులు తీసి దిగడం లాంటిది ఇది అంది. అట్లయితే దొంగ కూడా దిగొచ్చు కదా అన్నాను. పెట్టె ముందర కూర్చున్నవాడు పని తెలిసినవాడైతే దిగొచ్చు అని ఒప్పుకుంది. అంటే ఆ తాళం దొంగకు కాదు. ఇంట్లో ఉన్న నాకు.

ఏదో కొట్టి వరుసలు చూపించింది. ప్రతి వరుస మొదట్లో కొన్ని అక్షరాలు, గీతలు. మొదటి మూడు యజమానికి: చదవొచ్చు, రాయొచ్చు, లోపలికి పోవచ్చు. నడిమి మూడు ఆయన గుంపువాళ్ళకు. చివరి మూడు ఇతరులకు. చివరివన్నీ ఉత్త గీతలు.

"నేను యాడుండా దీంట్లో?"

ఆమె చివరి గీతల మీద వేలు పెట్టింది. "ఇతరుల్లో అమ్మా."

ముప్పై నాలుగేళ్ళు ఆయనకు సంగటి కెలికి పెట్టాను. ఇతరులు. సార్ కావాలని చేసింది కాదమ్మా, మిషనే మొదట్లో అట్లా పెట్టుకుంటుందని చెప్పింది. మార్చడం ఆయనకు తెలుసునా తెలియదా అని అడిగాను. తెలుసునంది.

పాటల మూటను, అంటే ఆ ఫైళ్ళున్న ఫోల్డరును, నా వాకిట్లోకి జరిపి నా పేరుకు మార్చే ఆజ్ఞ కొట్టి, పెట్టెను మామూలుగా లేపి, నా వాకిట్లోకి వచ్చింది. ఈసారి మూట తెరుచుకుంది. పాటల పేర్లన్నీ కనిపించాయి. ఒకదాన్ని తాకితే మళ్ళీ అవే రెండు మాటలు. ఈపాటికి వాటి రూపం నాకు కంఠతా వచ్చింది, చదివి చెప్పాల్సిన పని లేదు. బల్ల మీద గుద్దాను. ఆమె నాలుక కరుచుకుంది. మూటకు యజమాని మారాడు గానీ లోపలున్నవాటికి మారలేదట, లోపలున్నవన్నీ అని చెప్పే ఒక్క అక్షరం మరిచిందట. మళ్ళీ ఆపి, పెంకులు తీసి దిగి, ఆ అక్షరం చేర్చి కొట్టింది.

తెరుచుకుంది. మొదటి పుట చదవబోయి ఆమె ఆగిపోయింది. చదవమన్నాను. కాఫీ తాగి చదువుతానంది. చదివి తాగమన్నాను.

పైన 'సంగ్రహ' అని, పక్కన ఆయన పేరు. అంటే ఇవన్నీ పోగుచేసింది ఆయన. దాని కింద కన్నడంలో, 'హాడిదవరు: ఒబ్బ హళ్ళి హెంగసు'. పాడినది ఒక పల్లెటూరి ఆడది.

ఉత్త తిరగలి తిప్పి తిప్పి భుజం పోగొట్టుకున్నదాన్ని నేను. పక్క గదిలో ఉన్నాను. నా పేరు ఆ మనిషికి తెలియదా?

పుస్తకాలు వేసేవాళ్ళు అట్లాగే రాస్తారని, సార్ మంచివారని ఆమె సర్దబోయింది. మంచివాడు కాదని నేనన్నానా? దాన్ని తుడవమన్నాను.

"సార్ రాసిందమ్మా అది. ఎట్ల తుడిచేది?"

"ఇప్పుడు దీనికి యజమాని ఎవరు?"

"మీరే."

"అయితే తుడువు."

తుడిచింది. నా పేరు తాను కొట్టబోతే వద్దన్నాను. మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు, తెర మీద పడేది కన్నడం. ఆమె వేలితో చూపిస్తుంటే ఒక్కొక్కటే నేను నొక్కాను. ఒక కొమ్ము తప్పు పడింది. చెరిపి మళ్ళీ నొక్కాను. పైన సార్ పేరు ఏం చేయమంటారని అడిగింది. ఆయన పేరు తీయలేదు. 'సంగ్రహ' అనే మాట తీయించి, దాని చోట టైపు చేసినవారు అని పెట్టించాను.

సాయంత్రం మరిది వచ్చి ఆ పుట చదివాడు. రెండోసారీ చదివాడు.

"అన్న ఉంటే ఒప్పుకునేవాడా వదినా?"

"పోయి అడిగిరాప్పా," అన్నాను.