రజియా అక్క విడిచిన మాట

మొన్న శంషాబాద్‌లో భోజనానికి కూర్చుంటే, బిర్యానీలోని లవంగం పంటికింద పడింది. నాలుక మొద్దుబారింది. ఆ వెంటనే నా పెదవులు వాటంతటవే కదిలాయి. ఎదురుగా కూర్చున్నాయన "ఏమన్నారండీ?" అని అడిగాడు. "ఏం లేదండీ" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది పదిమందిలో అనకూడని తిట్టు. ఈ అలవాటు నాకు అంటించి వెళ్లిపోయిన మనిషి రజియా అక్క.

క్యాబ్ డ్రైవర్లూ వాళ్ల ఇళ్లవాళ్లూ మాట్లాడుకునే ఒక యాప్‌లో నా ఉద్యోగం. తిట్టు కనబడితే చాలు, యంత్రం దానిమీద చుక్కలు పెట్టి కప్పేస్తుంది. చుక్కల వెనక ఏముందో విప్పి చూసి, కప్పి ఉంచడమో విడిచిపెట్టడమో మా పని. అదే రోజు అర్ధరాత్రిలోగా ఎవరూ విడవకపోతే, ఆ మాట రాసినవారి ఖాతా మూతపడుతుంది. విమానాశ్రయం దారిలో ఒక గోదాము పైఅంతస్తు మా ఆఫీసు. విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చి కొత్తగా చేరిన నన్ను రజియా అక్క పక్కన కూర్చోబెట్టారు. అయిదు పూటలా నమాజు చేసే ఆ పెద్దమనిషి, కప్పిన ప్రతి తిట్టునూ విప్పి గుసగుసగా పలికేది. పలికాక చెంపలోని లవంగాన్ని ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చుకునేది. మిట్టమధ్యాహ్నం, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ గుసగుస వింటుంటే నాకు నిజంగానే భయమేసింది.

"పలకడమెందుకక్కా? చూస్తే చాలదా?" అన్నాను.

"కండ్లతోని చూస్తే అన్ని ఒక్కతీరే ఉంటయి బేటా. నోట్లకెల్లి వస్తెనే ఎరుకైతది, కోపమా ఏడుపా అని. జర పలికి చూడు."

పలికి చూశాను. ఆమె నాకు మొదట పలికించింది యాదమ్మ మాట. యాదమ్మది కాటేదాన్. ఆమె కొడుకు క్యాబ్ నడుపుతూ బెంగళూరు రోడ్డుమీద ప్రమాదంలో పోయాడు. ఆమె మాత్రం రోజూ అన్నం వేళకు ఫోన్లో మాట్లాడుతుంది, ఫోను దాన్ని అక్షరాలుగా మార్చి కొడుకు నంబరుకు పంపిస్తుంది. "ఏడ చచ్చినవ్ రా ముండకొడకా, బువ్వ సల్లగైతున్నది." యంత్రానికి అందులో తిట్టు తప్ప ఇంకేమీ కనబడదు. రోజూ కప్పుతుంది. రజియా అక్క రోజూ పలికి, విడిచిపెడుతుంది.

మా సారు ఒకసారి విసుక్కున్నాడు. "చనిపోయిన మనిషి నంబరుకు రోజూ ఈ తిట్లేంటమ్మా? ఆ ఖాతా మూసేద్దాం."

ఎప్పుడూ గొంతు పెంచని అక్క కుర్చీలోంచి లేచింది. "గామె నోరు మూస్తే గా పిలగాడు మల్ల చస్తడు సార్. నేనున్నన్ని దినాలు మూయనియ్య."

సారు తన గదిలోకి వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆమె అంటే ప్రాణం.

పోయిన ఎండాకాలం, నిద్రలోనే అక్క గుండె ఆగిపోయింది. ఆఫీసుకు తాళం వేసి అందరం వాళ్లింటికి వెళ్లాం. ఏడ్చి ఏడ్చి ఇల్లు చేరాను. మర్నాడు బస్సులో ఉండగా యాదమ్మ గుర్తొచ్చింది. నిన్నటి మాటను విడిచేవాళ్లెవరూ లేరు, ఖాతా మూతపడి ఉంటుంది. పరుగున మెట్లెక్కి చూశాను.

ఖాతా మూతపడలేదు. నిన్నటి మాటమీద చుక్కలు లేవు. దాని కింద విడిచినవారి పేరు ఉంది. రజియా.

"రజియా లాగిన్ మూయడం మరిచిపోయి ఉంటాం" అన్నాడు సారు. మరిచామనే అనుకుందాం, తాళం వేసిన ఆఫీసులో నొక్కడానికి ఒక వేలు కావాలి కదా. ఆమె కుర్చీ దగ్గర లవంగం వాసన మాత్రం వస్తోంది.

ఆ తర్వాత ఆ పేరు మళ్లీ కనబడలేదు. ఇప్పుడు యాదమ్మ మాటను విడిచేది నేనే. విడిచే ముందు చెంపలో లవంగం పెట్టుకుని పలుకుతాను. ఒక్కోరోజు పక్క కుర్చీలోంచి అదే మాట నాకంటే అరక్షణం ముందు వినిపిస్తుంది. అయినా లేచి పోను. నిన్న వినిపించలేదు. చాలాసేపు ఎదురుచూసి, ఖాళీ కుర్చీ వైపు తిరిగాను.

"ఏడ చచ్చినవ్ అక్కా?" అన్నాను.