బొమ్మ కంప్యూటర్లో మా అమ్మ కథ

ఏరువాక పున్నమి దాటాక వచ్చిన ఆదివారం, పొద్దున సరిగ్గా పదిన్నరకు, నా మనవరాలు నన్ను మోసం చేసిందని తెలిసింది.

నేను అక్షరాలు దిద్దింది యాభై అయిదో ఏట. కళ్యాణదుర్గంలో మా మహిళా సంఘం ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ ఉండేది. నీలిపచ్చ తెర, బూడిదరంగు పెట్టెలు. తెలుగు టైపు దాని మీదే నేర్చుకున్నాను. అది పాడైపోయాక కొత్తవాటితో నాకు పొసగలేదు. ఇంజనీరింగు చదివే మనవరాలు ఈ వేసవి సెలవుల్లో ఆ తెరను అచ్చం అట్లాగే తన ల్యాప్‌టాప్‌లో, బ్రౌజర్ లోపల తయారుచేసింది. చూసి ఏడ్చాను.

"రాసింది దాస్తుందా పాపా?" అని అడిగాను.

"ఓ, దాస్తాది అవ్వా. ఆ బొమ్మ మీద నొక్కు."

నొక్కితే 'భద్రపరచబడింది' అని వచ్చేది.

ముదిగుబ్బ నుంచి మా అక్క వచ్చింది. కరువు పనుల్లో రాళ్ళు కొట్టి అమ్మ మమ్మల్ని సాకిన సంగతులు ఆమెకే తెలుసు. నేను అప్పటికి చంటిపిల్లను. అక్కకు మతిమరుపు మొదలైంది, అందుకే తొందర. పన్నెండు రోజులు ఆమె చెప్పింది, నేను రోజుకొక కాగితం టైపు చేశాను. ఒక్కటీ తిరిగి తెరవలేదు. మా ఇళ్ళలో కంది విత్తనం పోసిన కుండ మూతికి మట్టి మెత్తితే విత్తే రోజు దాకా తీయరు. తీస్తే పురుగు పడుతుంది. నేనూ అట్లాగే చేశాను.

ఆ ఆదివారం అక్కకు మొత్తం చదివి వినిపిద్దామని తెరిస్తే ఒక్క కాగితమూ లేదు.

"అది ఉత్త బొమ్మ అవ్వా, చూసేకి మాత్రమే," అంది మనవరాలు. "దాచేది నేను చెయ్యనే లేదు."

"మరి దాస్తాదని ఎందుకు చెప్పినావే?"

"నువ్వు ఊరికే ఆడుకుంటాండావనుకున్నా. ఇప్పుడు చేస్తాలే, అర్ధగంట పని."

అర్ధగంట పని! అది కూడా దండగ అనుకుంది నా కోసం.

అక్క మాత్రం నవ్వింది. "ముసిల్దానికి బొమ్మల పెళ్ళి చేసినారు కదప్పా! ఏడవద్దులే, మళ్ళీ చెప్తా, రాసుకో." మొదలుపెట్టి, రెండో మాటకే ఆగిపోయింది. నా వైపు తిరిగి, "అమ్మ రాళ్ళు కొట్టింది యాడే? నీకు చెప్పినా కదా, నువ్వే చెప్పు," అంది.

నాకు గుర్తున్నంత చెప్పాను. కొత్త సంగతి విన్నట్టు విన్నది.

ఆ పొద్దు ఆ గదిలో ఉన్నది నలుగురం. నేను, మా అక్క, నా మనవరాలు, గడపలో నిలబడి కూతుర్ని ఒక్క మాటా అనని నా కోడలు.